గిడుగు రామమూర్తి పంతులుగారు

ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీన నరసరావుపేట మొదలుకొని గురజాల, మాచెర్లల వరకును గల మన పల్నాటి పాఠశాలలలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటమునకు పూలమాల వేయుట ఆచారమైనది. ఒక యుపాధ్యాయుడు లేచి, వారు వ్యావహారిక భాషోద్యమమునకు పితామహులని చెప్పును. బాలబాలికలు కరతాళధ్వనులు చేయుదురు. అంతటితో సభ ముగియును. పంతులుగారే సజీవులై ఆ సభలో ముందువరుసను కూర్చుండియున్నను ఆ కరతాళధ్వనులు వారికి సరిగా వినబడియుండెడివి కావు. ఈ సంగతి చెప్పువా రరుదు. వారు చెవిటివారు. అది పుట్టుచెవుడు కాదు. వార్ధక్యమువలన వచ్చినదియు గాదు. ఒక భాషను నేర్చుకొనబోయి, ఆ భాష కొరకు వారు చెల్లించిన మూల్యమది. ఆ భాష తెలుగు కాదు.

పంతులుగారి పేరు చెప్పగానే గ్రాంథిక వ్యావహారిక వివాదము స్ఫురించుట సహజమే. మిత్రులును శత్రువులును వారిని ఆ వివాదము మూలముననే యెరుగుదురు. కాని వారు ఆ రంగమున దిగుటకు ముందు పదునైదేండ్లకు మించిన పరిశ్రమ యొకటి కలదు. అది పండితసభలలో జరిగినది కాదు, కొండలలో జరిగినది. దానిని విడిచి వారి జీవితమును చెప్పుట వేళ్లను విడిచి చెట్టును వర్ణించుట వంటిది.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు ఉత్తరమున, వంశధారా తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు రెవెన్యూ ఉద్యోగి. వారు చోడవరమునకు బదిలియై, 1875లో అక్కడనే విషజ్వరముచే మరణించిరి. కుమారునకు అప్పటికి పండ్రెండేండ్లు. ఈ విషజ్వరమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఈ కథలో నిది మరల వచ్చును.

తండ్రి పోయిన పిల్లవాడు బంధువుల యండను విజయనగరము చేరి మహారాజావారి యింగ్లీషు పాఠశాలలో చదివెను. అక్కడ వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. తరువాతి కాలమున తెలుగు వచనము నడకనే మార్చిన యిరువురు ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొనుట మన జాతి యదృష్టమనవలెను. 1879లో పంతులుగారు మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఆ యేడే వివాహమును జరిగెను. కుటుంబభారము మీదబడుటచే పైచదువునకు వీలులేక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు నుపాధ్యాయులుగా చేరిరి. నెలజీతము 30 రూపాయలు. వయస్సు పదునేడేండ్లు. ఆ తరువాత ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., మరి పదియేండ్లకు 1896లో బి.ఏ. పరీక్షలు నిచ్చిరి. రాజావారి పాఠశాల కళాశాల యైన పిదప కళాశాల తరగతులకును పాఠములు చెప్పిరి. 1911లో ఉద్యోగము విరమించుకొనువరకు ముప్పదియేండ్లకు పైగా వారు బడిపంతులే. పంతులు అను మాట వారి పేరునకు తోకగా వచ్చినది కాదు. అది వారి వృత్తి, వారి స్వభావము.

చరిత్ర చెప్పు పంతులుకు పాఠ్యపుస్తకము చాలదని వారికి తొందరగనే తోచెను. తాము పుట్టిన యూరికి దగ్గరనున్న శ్రీముఖలింగ దేవాలయముల గోడలమీద శాసనములుండెను. వానిని చదువుట నేర్పు గురువెవ్వడును లేడు. పంతులుగారు ఒక్కొక్క యక్షరమును పోల్చుకొనుచు ప్రాచీనలిపులను తమకు తామే నేర్చుకొనిరి. ఈ యలవాటు, అనగా ఎవరో చెప్పినదానిని నమ్మక ఉన్నదానిని ఉన్నట్లు చూచుట, వారి జీవితమంతయు వారిని విడువలేదు. పండితులకు వారిపై గలిగిన కోపమునకును ఇదియే మూలము.

పర్లాకిమిడి ఆనాడు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాలో చేరియుండెను. ఊరిలో తెలుగును ఒడియయు వినబడుచుండెను. చుట్టును కొండలు. ఆ కొండలమీద నుండు జనులు సవరలు. వీరి పేరు ఐతరేయ బ్రాహ్మణమునందు ఆంధ్రుల పేరుతో పాటు ఒకే వాక్యమున వచ్చును. అనగా ఆంధ్రులమని మనమెంత ప్రాచీనులమో వారును అంత ప్రాచీనులు. కాని వేల యేండ్లు ప్రక్కప్రక్కనే నివసించియు, వారి భాష యెట్టిదో తెలిసికొనవలెనని మనలో నెవ్వరికిని తోచలేదు. ఆ భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. అది మన ద్రావిడ కుటుంబములోనిది కాదు, ఆర్యకుటుంబములోనిదియు గాదు. ముండా భాషలలో చేరినది. అట్టి భాషలకు దూరబంధువులు అస్సాము కొండలకు ఆవల, బర్మాలోను కాంబోడియాలోను గలవు.

సవరలు తమ సరకులు తెచ్చి సంతలో అమ్ముకొనుటకు దిగివచ్చుచుండిరి. లెక్క తెలియదు, వ్రాత తెలియదు. ఎదుటివాడు చెప్పినదే తూకము, వాడు వ్రాసినదే పత్రము. పంతులుగారికి వీరికి చదువు చెప్పవలెనను కోరిక 1890 తరువాతి యేండ్లలో గలిగెను. చదువు చెప్పవలెనన్న ఏ భాషలో చెప్పవలెను? ఆకాలమున ఈ ప్రశ్నకు జవాబు సిద్ధముగా నుండెను: తెలుగులోనో ఒడియలోనో చెప్పవలెను, కొండవాడే ఆ భాష నేర్చుకొని రావలెను. పంతులుగారు ఈ జవాబును అంగీకరింపలేదు. పిల్లవాడు బడికి వచ్చుటకు ముందు పంతులే పిల్లవాని భాషలోనికి పోవలెనని వారు నిశ్చయించుకొనిరి. తెలుగు వచ్చిన సవర నొకనిని తమ యింటనే యుంచుకొని, వాని కూడు గుడ్డలు తామే చూచుకొనుచు, అతనికి శిష్యులై కూర్చుండిరి. కులాచారముల పట్టు నేటికన్న నెన్నోరెట్లు గట్టిగానున్న ఆ దినములలో బ్రాహ్మణ గృహస్థు కొండవానిని ఇంటనుంచుకొని గురువుగా భావించుట చిన్నపని కాదు. ఈ యొక్క కార్యము చేతనే వారిని సంస్కర్తలలో లెక్కింపవచ్చును. వారు మాత్ర మట్లు లెక్కించుకొన్నట్లు తోచదు. వారికి కావలసినది ఆ భాష.

ఇంటిలో కూర్చుండి నేర్చుకొన్న భాష చాలలేదు. పదమును అది పుట్టినచోట వినవలెను గదా. పంతులుగారు కొండలెక్కి సవరల గూడెములకు పోజొచ్చిరి. ఆ మన్యపు గాలిలో వారికి జ్వరము పట్టుకొనెను.

తండ్రిని పొట్టబెట్టుకొన్న విషజ్వరమే ఇదియు. ఈ జ్వరము ఎందువలన వచ్చునో ఆనాటికి ఎవ్వరికిని తెలియదు. కొండనీటి దోషమనిరి, ఆకులు మురిగిన గాలి దోషమనిరి. దోమకాటువలన నను సత్యమును మన సికిందరాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ సూక్ష్మదర్శినిలో కనుగొనెను. అంతవరకు దోమతెర కట్టుకొనవలెనను బుద్ధి పుట్టుటకు కారణము లేదు. కారణము తెలియకున్నను మందు మాత్రము తెలియును: సింకోనా చెట్టు బెరడునుండి తీయు క్వినైను. జ్వరమును దించుటయందు దానికి సాటి లేదు. కాని మోతాదు మించినచో అది లోచెవిని దెబ్బతీయును. మొదట చెవులలో హోరు పుట్టును. పిదప వినికిడి మందగించును. కొందరికి మందు మానగానే తగ్గును, కొందరికి తగ్గదు. పంతులుగారు జ్వరతీవ్రతచే క్వినైను మోతాదు మించి పుచ్చుకొనిరి. ప్రాణము దక్కెను. చెవులు పోయెను. నాటినుండి జీవితాంతము వరకు వారికి చెముడు తప్పలేదు.

ఇక్కడ ఒక్క క్షణమాగి ఆలోచింపవలసియున్నది. కవికి చెవుడు వచ్చిన కవిత్వము వ్రాయవచ్చును. చరిత్రకారునకు చెవుడు వచ్చిన శాసనములు చదువవచ్చును. వ్రాతలేని భాషను నేర్చుకొనువానికి చెవి తప్ప వేరు పుస్తకమేది? అందులోను సవర భాష సామాన్యమైనది కాదు. కంఠమును తటాలున మూసి విడుచుటచే పుట్టెడు ధ్వని యొకటి అందు గలదు. తెలుగువాని చెవికి అది ధ్వనిగానే తోచదు. పదము చివర వెలువడీ వెలువడక ఆగిపోవు హల్లులు గలవు. మనము పదము చివరను ప్రత్యయమును చేర్చుదుము. వారు పదము నడుమ చొప్పించెదరు. నామమును క్రియ తన కడుపులో నిముడ్చుకొని ఒక్క పదమే వాక్యముగా నిలుచుటయు గలదు. చక్కని చెవులున్నవానికే కష్టమైన యీ భాషను పంతులుగారు చెవులు పోయిన పిదప విడిచిపెట్టియుండినచో వారిని నిందించువా డొక్కడు నుండడు. బడిజీతముతో కాలము గడుపుకొనవచ్చును. వారు విడువలేదు. ముప్పదియైదేండ్లు ఆ పనిమీదనే యుండిరి.

అదెట్లు సాధ్యమైనదనగా, రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది ధ్వనిశాస్త్రము. హెన్రీ స్వీట్ మొదలగు పాశ్చాత్య విద్వాంసుల గ్రంథములు ఆనాడు క్రొత్తగా వచ్చుచుండెను. పంతులుగారు వానిని తెప్పించి చదివిరి. ఏ ధ్వని నోటిలో ఏ స్థానమున, నాలుక ఎట్లు మెదలగా, పెదవులెట్లు కదలగా పుట్టునో ఆ శాస్త్రము చెప్పును. చెవితో వినవలసినదానిలో కొంత కంటితో చూడవచ్చును. ఈ శాస్త్రమునకును చెవుడునకును పూర్వమునుండి చుట్టరికము గలదు. ధ్వనులను నోటి యాకారములనుబట్టి గుర్తులతో వ్రాయు పద్ధతిని 1867లో ప్రకటించిన మెల్విల్ బెల్ భార్యకు చెవుడు. ఆ పద్ధతితో చెవిటిపిల్లలకు మాటలు నేర్పిన యుపాధ్యాయుడు ఆయన కుమారుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. స్వీట్ తన శాస్త్రమును ఆ పునాదిమీదనే లేపెను. ఆ విధముగా స్కాట్లండువారి యింట చెవిటివారి కొరకు పుట్టిన విద్య పర్లాకిమిడిలోని చెవిటి పంతులుకు అక్కరకు వచ్చెను. రెండవ కారణము వారి కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు. తండ్రితోపాటు సవర భాషను నేర్చి, తండ్రి పనిలో తోడై, ఆయన తరువాతను ఆ భాషాసేవను సాగించినవారు సీతాపతిగారు. తండ్రికి లేని చెవి కుమారుడయ్యెనని యన్నను అతిశయోక్తి కాదు.

భాష వచ్చిన పిదప పంతులుగారు చేసిన పని యేమి? పరీక్షలకు పోలేదు, పదవి నడుగలేదు. సవర భాషలో పిల్లలకు వాచకములు వ్రాసిరి. పాటలు సేకరించిరి. తెలుగు–సవర, సవర–తెలుగు నిఘంటువులు కూర్చిరి. తమ సొంత ధనముతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతము లిచ్చి, సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. జీతమెంతో పైన చెప్పితిమి. ఆ జీతముతో బడి పెట్టుట యెట్లో గృహస్థులైనవారు ఊహించుకొనవలెను. చెన్నపురి ప్రభుత్వము 1911లో వారి సవర పుస్తకముల నచ్చువేయించి పారితోషికము నీయబోగా, ఆ ధనము తమకు వలదనియు, దానితో సవరలకు మంచి బడి పెట్టింపుడనియు కోరిరి. 1913లో ప్రభుత్వము రావు బహదూరు బిరుదమిచ్చెను. దక్షిణదేశపు కులములను గూర్చియు తెగలను గూర్చియు పెద్ద గ్రంథము ప్రకటించిన థర్‌స్టన్ దొరకు సవరలనుగూర్చి సమాచార మిచ్చినవారును వీరే.

ఈ సందర్భమున మన యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. ఈ జిల్లాలో మాచెర్ల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతములందు లంబాడీ తండాలు గలవు. ఆ తండాలలో పిల్ల పుట్టి మాటలు నేర్చునది తెలుగులో కాదు, లంబాడీలో. ఆ భాషకును సొంతలిపి లేదు. ఆ పిల్లవాడు మొదటిదినమున బడికి వచ్చినప్పుడు పంతులు చెప్పునది వానికి సగము తెలియదు. తెలియనందుకు వానిని మందబుద్ధి యనుటయు వినుచునే యున్నాము. 2004 ప్రాంతమున సమైక్యాంధ్ర ప్రభుత్వము సవర, కోయ, గోండి మున్నగు గిరిజన భాషలతోపాటు లంబాడీలోను ప్రాథమిక తరగతులకు వాచకములు సిద్ధపరచు ప్రయత్నము నారంభించినది. పంతులుగారు పర్లాకిమిడి కొండలలో తమ జీతముతో పెట్టిన బడికిని ఈ ప్రయత్నమునకును నడుమ నూరేండ్లు గడచిపోయినవి. అటుపిమ్మట మన వివాదమంతయు తెలుగుబడియా యింగ్లీషుబడియా యను దానికి మరలినది. తండాపిల్లవానికి రెండును పరభాషలే యను మాట ఆ గందరగోళమున నెవరికిని వినబడలేదు. చెవులున్నవారి చెవుడు వేరువిధమైనది.

పంతులుగారి తెలుగు ఉద్యమమును ఈ వెలుగున చూచినచో దాని యర్థము స్పష్టమగును. 1906లో యేట్స్ దొర ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆయన తెలుగు నేర్చుకొనబోయి, జనులు మాటలాడునది యొకటి, పుస్తకములలో నున్నది యొకటి యగుట చూచి, ఇది యేల యని ప్రశ్నించెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ ప్రశ్నకు గురజాడవారు గిడుగువారు జవాబు చెప్పగలరని చూపిరి. దొర ప్రశ్న దొరది; పంతులుగారికి మాత్రమది క్రొత్తది కాదు. సవరపిల్లవానికి ఒడియవాచకమెట్టిదో తెలుగు పిల్లవానికి గ్రాంథికవాచకమట్టిదని వారెరుగుదురు. భేద మల్పము, బాధ యొక్కటియే. చెట్టును చెట్టని పిలుచు పిల్లవానిచేత ముందు దానికి వేరొక పేరు వల్లెవేయించి, ఆ తరువాత దాని నీడనుగూర్చి చెప్పుట విద్య యగునా యని వారి వాదము.

ఆ తరువాతి కథ చాలమందికి తెలిసినదే గనుక త్వరగా చెప్పుదుము. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసి గ్రాంథికమును కాపాడ నడుము కట్టెను. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఏ శైలిలోనైనను వ్రాయవచ్చునని యొక యుత్తరువు వెలువడి, ప్రతిపక్షపు టాందోళనచే మరల వెనుకకు పోయెను. 1913లో పంతులుగారు ఆధునికాంధ్రమునుగూర్చి యింగ్లీషున విజ్ఞాపనమును ప్రకటించిరి. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు కాలధర్మమునొంది, ఉద్యమభారము చాలవరకు ఈ చెవిటి పంతులు భుజములమీదనే పడెను. 1919లో తెలుగు అను మాసపత్రికను పెట్టిరి. అది యొక సంవత్సరము నడచెను. ఆ యేడే వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజమునకు కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులగుట గొప్ప విజయము. కాని కొద్దినెలలకే, మే 27వ తేదీన, వారును స్వర్గస్థులైరి. 1924లో కాకినాడ పరిషత్తు వ్యావహారికముపైని నిషేధమును తొలగించుకొనెను. 1925లో తణుకు సభయందు పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రసంగించి, గ్రంథములనుండి ప్రయోగములెత్తి చూపి సభవారి నొప్పించిరి.

ఆ వాదపద్ధతి మాత్రము నిలిచి చూడదగినది. పంతులుగారు ప్రతిపక్షులను తిట్టి గెలువలేదు. పండితులు వ్రాసిన గ్రాంథికమునే ముందు పరచుకొని, చిన్నయసూరి బాలవ్యాకరణమును ప్రక్కన బెట్టుకొని, ఆ పండితులు ఆ వ్యాకరణము ననుసరించి ఎన్ని చోట్ల తప్పిరో వరుసగా చూపిరి. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజమను గ్రంథమంతయు ఇట్టి పట్టికయే. గ్రాంథికమును కాపాడు వైద్యులకే ఆ భాషలో తప్పు లేక వ్రాయుట రాదన్నచో, బడిపిల్లవాడు వ్రాయవలెననుట న్యాయమా యని దాని తాత్పర్యము. మరియు శాసనములలో, వచనగ్రంథములలో, చాటువులలో ప్రాచీనులును తమ నోటిమాటను వ్రాయుచునే యుండిరని వేలకొలది యుదాహరణములు చూపిరి. మన పల్నాటివారికి ఈ నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. కారెంపూడి వీరుల యుత్సవమున వీరవిద్యావంతులు పాడు కథ నోటినుండి చెవికి, చెవినుండి నోటికి వచ్చి నిలిచినదే గాని, వ్యాకరణము నడిగి నిలిచినది కాదు.

వారి పట్టుదలలో కఠినత్వము లేకపోలేదు. సందు దొరికిన ఎంతటివారి తప్పునైనను ఎత్తిచూపుటకు వెనుదీయలేదు. ఇందుచే వారికి మిత్రులు కావలసిన కొందరు దూరమైరి. సభలలో పూర్వపక్షమును వినుటకు వీలులేని మనుష్యునకు వాదమే తోడై మిగులునేమో. ఈ మాట మా యూహ మాత్రమే.

ఈ కోలాహలమున వారి సవరలు వారిని విడువలేదు, వారు సవరలను విడువలేదు. 1931లో ఇంగ్లీషులో వ్రాసిన సవర భాషావ్యాకరణమును చెన్నపురి ప్రభుత్వ మచ్చువేసెను. 1934లో కైజరు–ఇ–హిందు స్వర్ణపతకము వచ్చెను. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1936 నాటికి సిద్ధమై 1938లో అచ్చయ్యెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. ఆ యేటనే ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. ముండా భాషలనుగూర్చి పరిశోధించు దేశాంతర విద్వాంసులు ఈ రెండు గ్రంథములను తరువాతి కాలమందును ఆధారములుగా గైకొనిరి. చెవిటివాడు విని వ్రాసిన యీ పుస్తకములకు చెవులున్నవారు ఋణపడియున్నారు.

1936వ సంవత్సరమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, పర్లాకిమిడి అందు చేరెను. మూడు దశాబ్దములకు పైగా తాము పాఠములు చెప్పిన యూరు, ఇల్లు కట్టుకొని పిల్లలను పెంచిన యూరు, తెలుగుదేశమునుండి విడివడిపోవుట వారు సహింపలేకపోయిరి. అంతకుముందే తగిన నిరసనము తెలిపియుండిరి. అది పనిచేయలేదు. డెబ్బదిమూడేండ్ల యీడు సమీపింప, చెముడుతో, ఆ వృద్ధుడు పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము వచ్చి స్థిరపడిరి. ఆ ఊరు నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యస్థానము. ఇంకొక విశేషము: అదే 1936లో మంగెయి గొమాంగో అను సవర విద్వాంసుడు తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను ప్రత్యేకలిపిని కల్పించెను. లిపిలేని భాషయని లోకము త్రోసివేసిన భాషకు, దాని కొరకు చెవులు పోగొట్టుకొన్న పంతులు కొండలకు దూరమైన యేటనే, దాని బిడ్డ యొకడు అక్షరములు పెట్టెను.

చివరి ఘట్టము పత్రికలకు సంబంధించినది గనుక ఇక్కడ దాచుటకు వీలులేదు. 1937లో తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికను వార్తలు మొదలు సంపాదకీయముల వరకు వ్యావహారికముననే నడుపనారంభించిరి. తక్కిన పత్రికలు కథలకును నాటకములకును వాడుకభాషను ఒప్పుకొన్నను, సంపాదకీయమునకు మాత్రము పాతబట్టలే కట్టుచుండెను. 1940 జనవరి 15వ తేదీన చెన్నపట్టణమున ప్రజామిత్ర కార్యాలయమునకు పత్రికాసంపాదకులను బిలిచి, పంతులుగారు తమ తుదివిన్నపమును చేసిరి. జనుల కొరకు నడుచు పత్రిక జనుల భాషలో నుండవలెననియు, స్వరాజ్యము కోరువారు ప్రజలకు తెలియని భాషలో ప్రజల హక్కులను ప్రబోధించుట పొసగదనియు దాని సారము. వచ్చినవారు గౌరవముతో వినిరి. వారమునాటికి, జనవరి 22వ తేదీన, పంతులుగారు పరమపదించిరి. తెలుగు పత్రికలన్నియు పూర్తిగా వాడుకభాషకు మరలుటకు ఆ మీదట చాల యేండ్లు పట్టెను.

ఈ వ్యాసము వ్రాయబడిన భాషను పాఠకులు గమనించియే యుందురు. అలవాటు చెడ్డది, ఈ పుటకు పాత నడక తప్పలేదు. పంతులుగారే యున్నచో దీనిని చేతికి దీసికొని, సంధి తప్పినచోటులను, బాలవ్యాకరణమునకు విరుద్ధమైన రూపములను వరుసగా గుర్తించి, పట్టిక వ్రాసి, మరునాటి టపాలో మాకు పంపియుందురు.